పంతొమ్మిదో గొంతు

ఆ వీధిలో సగం మంది ఒక సెలూన్‌లో తల ఇస్తారు, మిగతా సగం మంది ఎదురు వరుసలో ఉన్న సెలూన్‌లో ఇస్తారు. రెండేళ్ళ కిందటి దాకా ఉన్నది ఒకటే, అందులో రెండు కుర్చీలు. సమ్మె అయిపోయాక రెండో కుర్చీ మనిషి తన అద్దమూ కత్తెరా పట్టుకుని రోడ్డు దాటి వెళ్ళిపోయాడు. టీ కొట్లు కూడా అలాగే రెండయ్యాయి. అది రెండు టీ కొట్లు బతికేంత వీధి కాదు, ఇద్దరూ ఈగలు తోలుకుంటూ కూర్చుంటారు. నష్టం భరించడానికి ఒప్పుకున్నారు గానీ ఒకే బల్ల మీద కూర్చోడానికి మాత్రం ఎవరూ ఒప్పుకోలేదు.

గొడవంతా గాజు సీసాల ఫ్యాక్టరీది. అక్కడి కొలిమిని ఎప్పుడూ ఆర్పకూడదు. ఆరితే లోపల కరిగి ఉన్న గాజు గడ్డకట్టి, కొలిమి మొత్తం పగలగొట్టి పారెయ్యాల్సిందే. రెండేళ్ళ కిందట అందరూ కలిసే పని మానేశారు, కలిసే గేటు ముందు కూర్చున్నారు. నలభై రోజులయ్యేసరికి, అప్పటిదాకా దాన్ని మండిస్తూ వచ్చిన ఆఫీసువాళ్ళకు చేతకాక కొలిమి చల్లబడటం మొదలైంది. అప్పుడు పద్దెనిమిది మంది, కొలిమే పోతే రేపు గెలిచి వెళ్ళడానికి ఫ్యాక్టరీ ఎక్కడుంటుందని చెప్పి, ఒక కాగితం మీద సంతకాలు పెట్టి వెనక గేటులోంచి లోపలికి వెళ్ళారు. మిగిలినవాళ్ళు, యజమానికి ఉన్న భయం ఆ కొలిమి ఒక్కటేననీ, దాన్నీ వీళ్ళు తీర్చేశారనీ అన్నారు. ఇద్దరి మాటా నిజమే. చిక్కంతా అక్కడే వచ్చింది. ఎవరో ఒకరిది అబద్ధమైతే ఈపాటికి వాళ్ళు సిగ్గుపడి ఊరుకునేవాళ్ళు. వారం తిరక్కుండా సమ్మె నీరుగారిపోయింది, అందరూ తలలు వంచుకుని పనిలోకి వెళ్ళారు. కానీ ఆ పద్దెనిమిది మందీ, వాళ్ళ చుట్టాలూ, వాళ్ళను సమర్థించినవాళ్ళూ లోపలివాళ్ళయ్యారు. మిగతా సగం బయటివాళ్ళు.

ఇటూ అటూ కాని మనిషి ఆ వీధిలో ఒక్కడే ఉన్నాడు, పాటగాడు. ఆ పేరు వీధి పెట్టిందే, అందులో మెచ్చుకోలు పావు వంతుకు మించి లేదు. పగలు స్పీకర్లు బాగుచేసే కొట్లో పని చేస్తాడు. మిగతా పొద్దంతా అక్క ఇంటి మేడ మీద గదిలో, గోడలకు పాత బొంతలు వేలాడదీసుకుని, పాటలు తానే కట్టి, తానే పాడి, తానే రికార్డు చేసి ఇంటర్నెట్‌లో పెడతాడు. వెనక కంపెనీ లేదు, ముందు శ్రోతలూ లేరు.

అమ్మ పోయేనాటికి అతనికి తొమ్మిదేళ్ళు. అక్కే పెంచింది, పెళ్ళయి అత్తారింటికి వెళ్తూ వెంట తీసుకుపోయింది. పెళ్ళికూతురితో పాటు ఒక ట్రంకుపెట్టే, ఒక బామ్మర్దీ వచ్చారని బావ ఇప్పటికీ పదిమందిలో నవ్విస్తాడు. నవ్వించడమే గానీ ఒక్కనాడూ తేడా చూపించలేదు. మొదటి గిటారు కొనిచ్చింది ఆయనే.

ఆ బావ ఫ్యాక్టరీలో షిఫ్టు మేస్త్రీ, బయటివాళ్ళకు పెద్ద తలకాయ. పక్కింటి వెల్డరు లోపలివాళ్ళలో మొదటివాడు. ఇద్దరూ నిక్కర్లు వేసుకున్న రోజుల నుంచి ఒకే కంచంలో తిన్నవాళ్ళు. నలభై ఒకటో రోజు పొద్దున వెల్డరు వెనక గేటు వైపు నడుస్తుంటే, బావ జనంలోంచి ముందుకొచ్చి అన్న మాటలు వీధికి ఇప్పటికీ నోటికొచ్చు, ఆడవాళ్ళు మాత్రం పైకి అనరు. ఆనాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. రెండిళ్ళకూ మధ్య ఉన్నది ఒక్క గోడ. అవతల వెల్డరు దగ్గితే ఇవతల బావ రేడియో పెంచేవాడు.

ఈ ఏడాది పాటగాడు మూడు పాటలు విడుదల చేశాడు. మొదటిదాన్ని నలభై ఆరు సార్లు విన్నారు, అందులో ముప్పై సార్లు విన్నది తనే. రెండోదాని సంగతి అడక్కపోవడమే మర్యాద. అయినా ఎలా తగిలిందో ఒక ఇంటర్నెట్ రేడియో అమ్మాయికి తగిలింది, పిలిచి మాట్లాడించింది. మనుషులు ఇలా ముక్కలుగా ఎందుకు విడిపోతున్నారని అడిగింది. చెప్పేవాడికి వినేవాడు లోకువన్నారు, ఇతను అరగంట చెప్పాడు. మనుషుల మధ్య ఉన్నది పగ కాదట, ఒకరి గొంతు ఒకరు వినకపోవడమట. పక్కవాడి గొంతు మీద తన గొంతు ఆనుకుని ఉండటం ఒక్కసారి చెవులారా వింటే ఏ గోడా నిలవదట. చెప్పి చెప్పి చివరికి ఆ మాటలను తనే నమ్మేశాడు. మూడో పాట అలా పుట్టింది.

ఇరవై రెండు మంది కలిసి పాడే పాట అది. పదకొండు మంది లోపలివాళ్ళు, పదకొండు మంది బయటివాళ్ళు. కానీ కలిసి పాడరు. ఒక్కొక్కరే ఆదివారం మధ్యాహ్నాలు మేడెక్కి రావాలి, హెడ్‌ఫోన్లలో వరస వింటూ మూడు నిమిషాలు పాడాలి, వెళ్ళిపోవాలి. ఇంకెవరు పాడుతున్నారని అడిగితే ఇంకా ఎవరినీ అనుకోలేదనేవాడు. ఆ తర్వాత ఆ గొంతులన్నిటినీ తను ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటాడు. పాట బయటికి వచ్చాకే వాళ్ళకు తెలుస్తుంది, ఎవరి పక్కన ఎవరు పాడారో.

సంగతి తెలిసింది అక్క ఒక్కదానికే. మెట్ల మీద వచ్చే పోయేవాళ్ళను చూసి ఆమే పట్టేసింది. అడక్కుండా ఎవరినీ ఎవరి పక్కనా కూర్చోబెట్టకూడదురా, వాళ్ళ ఇష్టం వాళ్ళకుంటుంది అని చెప్పింది. పాటంటే బల్ల కాదక్కా అని అతను నవ్వేశాడు.

అతనికి ఇంకో అలవాటు ఉంది. పాడటం అయిపోయాక మనిషి ఊపిరి వదిలి, ఆపేశావా అని అడుగుతాడు. అతను ఆపేశానంటాడు, ఆపడు. ఆగిందనుకున్నాకే మనిషి గొంతు అసలు గొంతవుతుందని అతని నమ్మకం. ఆ కాసేపట్లో దొరికిన నవ్వో నిట్టూర్పో పాటలో ఎక్కడో అతికించుకునేవాడు, అక్కర్లేనిది తెర మీద కత్తిరించేవాడు. ఆ చిన్న అబద్ధం వల్ల ఇంతవరకూ ఎవరికీ ఏ నష్టమూ రాలేదు. అందుకే దాన్ని అబద్ధంగా లెక్కెయ్యడం కూడా మానేశాడు.

బావ పంతొమ్మిదోవాడు. వెల్డరు చాలా ముందే, నాలుగోవాడుగా వచ్చి పాడి వెళ్ళాడు. బావ మాత్రం నెల రోజులు తప్పించుకున్నాడు, తన గొంతు నినాదాలకు తప్ప పనికిరాదన్నాడు. అక్క వెనకబడి తోలింది. ఒక ఆదివారం భోజనం చేసి, చేతులు తుడుచుకుంటూ మేడెక్కాడు.

ఆయన పాడుతుంటే పాటగాడు తల పైకెత్తి చూశాడు. అంత మెత్తటి గొంతు ఆ ఛాతీలో ఇన్నాళ్ళూ ఎక్కడుందో తెలియదు. ఎవరు రాజేసిన నిప్పో, ఎవరి ఇంటికి వెలుగో అన్న చోట గొంతు కొంచెం వణికింది, మళ్ళీ తనే సర్దుకుంది. పాట అయ్యాక బావ హెడ్‌ఫోన్లు ఒక చెవి మీంచి పక్కకు జరుపుకున్నాడు.

"ఆపేశావా?"

"ఆపేశాను బావా."

"సంతకం పెట్టమని వెల్డరుకి చెప్పింది నేనేరా," అన్నాడు బావ. "ముందురోజు సాయంత్రం ఇద్దరం కలిసే వెళ్ళాం. అందరూ పెట్టి వెళ్ళాక, చివర్న పైన నాది, కింద వాడిది. కొలిమి పోతే మన బతుకులు పోతాయని వాడికి నచ్చజెప్పిందే నేను. పొద్దున వెనక గేటు కనిపించేదాకా వెళ్ళాను. జనమంతా చూస్తున్నారు. వాడు నడిచాడు, నా కాళ్ళు కదల్లేదు. ఎక్కడ వెనక్కి తిరిగి రారా అని పిలుస్తాడోనని ముందే నోరు చేసుకున్నాను. వాడు ఒక్కసారి తిరిగి చూశాడు. ఏమీ అనలేదు. ఇవాళ్టిదాకా ఎవరికీ చెప్పలేదురా వాడు."

ఆ కాగితం ఆఫీసు బీరువాలోనే ఉండిపోయింది, వీధిలో ఎవరూ చూడలేదు. రెండేళ్ళుగా బావ బయటివాళ్ళకు పెద్ద, వెల్డరు అందరి నోళ్ళలో ద్రోహి. నిజం తెలిసిన ఇద్దరి మధ్యా ఆ గోడ ఉంది. బావ లేచాక మేడ మెట్ల దాకా వెంట వెళ్ళి, ఇప్పటికైనా వెళ్ళి మాట్లాడొచ్చు కదా అని పాటగాడు నెమ్మదిగా అడిగాడు. బావ తలూపాడు. వెల్డరు కూడా పాడాడని తనకు తెలుసట, గోడ అవతల వాడు వారం రోజులు అదే వరస కూనిరాగం తీశాడట. పాట బయటికి రానీ, ఆ వంకతో వెళ్తాను, చెప్పాల్సింది నా నోటితోనే చెప్తాను అన్నాడు. మెట్లు దిగుతున్నప్పుడు మనిషి తేలికపడ్డట్టు కనిపించాడు.

బావ గదిలో మాట్లాడినంతసేపూ తెర మీద ఆకుపచ్చ గీత కదులుతూనే ఉంది. పాటగాడు చూశాడు. మీట మీద వేలు పెడితే చాలు, పెట్టలేదు. బావ వెళ్ళాక మొదటినుంచి విన్నాడు, మళ్ళీ విన్నాడు. పాటలో కంటే ఆ మాటల్లోనే గొంతు బాగుంది. అంత మంచి రికార్డింగు తన చేతిలో ఎప్పుడూ పడలేదు. పాట కోసం ఆ ముక్క కత్తిరించాడు గానీ, మొత్తంగా చెరిపెయ్యడానికి చెయ్యి రాలేదు. తర్వాత చూద్దామనుకున్నాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఇక్కడ దొంగ బామ్మర్ది.

పాట ఒక శుక్రవారం పొద్దున విడుదలైంది. ఊరికే పాట పెట్టి ఊరుకుంటే సరిపోయేది. సొంతంగా పాటలు చేసుకునేవాళ్ళలో ఒక మంచి పద్ధతి ఉంది. పాటతో పాటు అందులోని గొంతులను విడివిడిగా కూడా పెడతారు, ఎవరికి నచ్చినట్టు వాళ్ళు తీసుకుని కలుపుకోవచ్చని. మనుషులను కలపాలని పాట కట్టినవాడు ఆ పని చెయ్యకుండా ఎలా ఉంటాడు? ఇరవై రెండు గొంతులనూ, ఒక్కోదానికి అంకె వేసి, మనిషి గుర్తు రాసి పైకెక్కించాడు. తెర మీద కత్తిరించినది పాటలోంచి మాత్రమే పోతుంది, అసలు రికార్డింగులో ఎక్కడిదక్కడే ఉంటుంది. ఆ సంగతి వీధి మొత్తం మీద తెలిసినవాడు అతనొక్కడే. ఆ పూట సంబరంలో అతనికే గుర్తులేదు. పంతొమ్మిది, బావ అని రాసి పెట్టాడు.

మొదటి రోజు మాత్రం అతను అనుకున్నట్టే జరిగింది, అది కూడా చెప్పాలి. రెండు టీ కొట్లలోనూ ఒకే పాట మోగింది. రేడియో అమ్మాయి తెగ పొగిడింది. సాయంత్రానికి రెండు వేల మంది విన్నారు. ప్యాకింగులో పనిచేసే ఆమె, తన గొంతు పక్కనే మాటల్లేని తోటికోడలి గొంతు విని, పైటచెంగుతో కళ్ళు తుడుచుకుందని అక్క వచ్చి చెప్పింది. పాటగాడికి కాళ్ళు నేల మీద ఆనలేదు. బావ ఒక చొక్కా ఇస్త్రీ చేసుకుని కొక్కేనికి తగిలించాడు. ఆదివారం పక్కింటికి వెళ్తానన్నాడు.

శనివారం పొద్దున ఆ ప్యాకింగు ఆమే తన గొంతు విడిగా విందామని ఫోన్ తెరిచింది. విని మురిసిపోయింది, పనిలో ఉన్నవాళ్ళందరికీ వినిపించింది. తలొకరూ తమది వెతుక్కున్నారు. తర్వాత సరదాకి పక్కవాళ్ళవి విన్నారు. మేస్త్రీ పాడాడట, విందాం అన్నారెవరో. పాట మూడు నిమిషాలు. ఆ తర్వాత ఇంకో రెండు నిమిషాలుంది. భోజనాల గంట కొట్టేలోపు ఆ రెండు నిమిషాలూ ఫ్యాక్టరీ అంతా తిరిగాయి.

పాటగాడు కొట్లో ఒక స్పీకరు విప్పుకుని కూర్చుని ఉండగా అక్క ఫోన్ చేసింది. ఏం జరిగిందో ఒక్క ముక్కలో చెప్పి, తర్వాత ఒకే మాట అంది.

"ఆపేశానని చెప్పావట కదరా."

అతను అక్కడికక్కడే ఆ గొంతులన్నీ తీసేశాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది. అప్పటికే ఎవరో ఆ రెండు నిమిషాలనూ విడిగా కోసి పంచేశారు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు. ఇక్కడ జారింది ఒకరి నోరు, జార్చింది ఇంకొకరి చెయ్యి.

బావ ఆ రోజు షిఫ్టు మధ్యలోనే ఇంటికొచ్చాడు. అరవలేదు, తిట్టలేదు. అరిస్తే బాగుండునని పాటగాడు గుమ్మంలో నిలబడి ఎదురుచూశాడు. ఆయన తల ఎత్తాడు.

"రికార్డు అవుతున్నప్పుడు అక్కడ ఏదైనా కదులుతుందా, దీపంలాంటిది?"

"తెర మీద ఆకుపచ్చ గీత కదులుతుంది బావా."

"నాకు చూడటం తెలీదు. నువ్వు చూశావా?"

"చూశాను."

 బాధ్యత ఎవరిదో తేల్చుకోవడానికి ఆ ఒక్క మాట చాలన్నట్టు బావ లేచి, కొక్కేనికున్న చొక్కా తీసి మడతపెట్టి బీరువాలో పెట్టుకున్నాడు. పాటగాడు క్షమించమందామని నోరు తెరిచాడు. తెరిచాక, ఆ మాట అంటే బావ దానికి కూడా ఏదో ఒక జవాబు వెతుక్కోవాల్సి వస్తుందని తోచి మూసుకున్నాడు.

బయటివాళ్ళు, మన మధ్య కూర్చుని మన ఉప్పు తిని ముందే అమ్ముడుపోయాడన్నారు. లోపలివాళ్ళు, తను పెట్టిన సంతకానికి మమ్మల్ని రెండేళ్ళు తిట్టాడన్నారు. రెండు మాటలూ చివరికి ఒకేచోటికి చేరాయి. శనివారం సాయంత్రం లోపలివాళ్ళ కుర్రాళ్ళు నలుగురు రోడ్డు దాటి బయటివాళ్ళ టీ కొట్టుకు వచ్చి, ఒకే ఫోన్ చుట్టూ తలలు ఆనించి విన్నారు. నవ్వులు మేడ మీదికి వినిపించాయి. పాట కింద ఎవరో, రెండేళ్ళ తర్వాత మా వీధి మళ్ళీ మాట్లాడుకుంటోంది, దండాలన్నా అని రాశారు. వినేవాళ్ళ లెక్క తొమ్మిది వేలు దాటింది. రేడియో అమ్మాయి మూడుసార్లు ఫోన్ చేసింది, అతను ఎత్తలేదు.

వెల్డరు ఆదివారం వచ్చాడు. అక్క గబగబా కుర్చీ తుడిచి వేసింది. ఆమె ముఖంలో ఆశ కనిపించింది, మేడ మెట్ల మీద కూర్చున్న పాటగాడికీ కలిగింది. వెల్డరు కూర్చోలేదు. మా వాళ్ళు నన్నూ వెలేశారు, నిజం దాచి వాడితో మమ్మల్ని తిట్టించావన్నారు అని అక్కతో చెప్పాడు. అదేదో వాతావరణం సంగతిలా మామూలుగా చెప్పి, బావ వైపు తిరిగాడు.

"నువ్వే వచ్చి చెప్తావని రెండేళ్ళు చూశానురా. నువ్వు రాకముందే ఊరంతా వచ్చి చెప్పింది."

"ఇవాళ వద్దామనే అనుకున్నాను," అన్నాడు బావ.

వెల్డరు ఆయన్ని పరీక్షగా చూశాడు. నమ్మాలనే చూసినట్టుంది. కానీ దొరికిపోయిన మర్నాడు ఆ మాట ఎవరన్నా నమ్మకం కలగదు. నిజమే అని చెప్పగలిగినవాడు మెట్ల మీద ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా చూశానని, పాట రోజే అన్నాడని పాటగాడు లేచి చెప్పాడు కూడా. వెల్డరు అతని వైపు తిరగనైనా తిరగలేదు. నీ మాట రికార్డు చేసి పంపు బాబూ, తీరిగ్గా వింటాను అని వెళ్ళిపోయాడు.

సోమవారం బావ పనికి వెళ్ళాడు, మంగళవారమూ వెళ్ళాడు. ఇంట్లో రేడియో పెట్టడం మానేశాడు. బుధవారం పొద్దున పాటగాడు కిందికి దిగేసరికి అక్క వంటింట్లో రొట్టెల్లో కూర పెట్టి గట్టిగా చుట్టి, ఒక్కోదాన్నీ కాగితంలో మడుస్తోంది. నాలుగు గిన్నెల క్యారేజీ కడిగి, అటక మీద బోర్లించి ఉంది. పెళ్ళయిన నాటి నుంచి బావకు అన్నం లేకుండా మధ్యాహ్నం గడవదు. ఇదేంటక్కా, అన్నం పెట్టట్లేదా అని అడిగాడు.

అక్క చేతిపని ఆపకుండానే చెప్పింది. ఫ్యాక్టరీ భోజనాల హాల్లో రెండేళ్ళుగా బల్లలు ఇటు కొన్ని, అటు కొన్ని ఉండేవట, మధ్యలో ఖాళీ. సోమవారం ఎవరు మొదలుపెట్టారో గానీ అన్నీ జరిపి ఒక్కటిగా కలిపేసుకున్నారట. వెల్డరు సెలవు పెట్టి ఎక్కడికో పోయాడట. బావ క్యారేజీ పట్టుకుని వెళ్తే ఆ పొడుగు బల్ల దగ్గర ఒక్కరూ జరగలేదట.

"కొలిమి దగ్గర నిలబడి తింటున్నాడు," అంది అక్క. "నిలబడి అన్నం కలుపుకోవడం కుదరదు కదరా."